ఈ చీము ఎవరి పుణ్యం

పటమటలోని ఓ నర్సింగ్ హోమ్‌లో ఆపరేషన్ థియేటర్ సిస్టర్ నాగమల్లేశ్వరి తన నీడనైనా నమ్మేది కాదు. ఆయాలు చేతులు కడుక్కుంటుంటే పక్కనే నిలబడి చూసేది. పెద్ద డాక్టరు వీరభద్రరావు గారు గ్లౌజులు మార్చుకున్నా ఓ కన్నేసి ఉంచేది.

2004లో డాక్టరు గారు పేగు ఆపరేషన్లు కూడా పొట్ట మీద చిన్న రంధ్రాలు పెట్టి, కెమెరాతో చేయడం మొదలుపెట్టారు. పెద్ద కోతల రోజుల్లో చీము పట్టడం మామూలే అనుకునేవారు. ఇప్పుడా బెడద తగ్గుతుందని అందరూ సంబరపడ్డారు. తీరా చూస్తే, పేగుముక్కను బయటికి తీసే రెండంగుళాల గాటు దగ్గర వరసగా ముగ్గురికి చీము పట్టింది.

నాగమల్లేశ్వరికి ఇంకేం కావాలి! పరికరాలు కడిగే సంజీవరావు మీద పడింది. కెమెరా ఆపరేషన్లకు వాడే సన్నటి గొట్టాలన్నీ విప్పించి, సిరంజితో నీళ్లు కొట్టించి చూసింది. నీళ్లు తేటగానే వచ్చాయి. దాంతో అనుమానం పోవాలా? ఇంకా ముదిరింది.

"నేను చూస్తున్నానని కడిగావు. లేనప్పుడు ఏం చేస్తున్నావో!"

"నా పిల్లల మీద ఒట్టండీ," అన్నాడు సంజీవరావు.

ఆమె వెళ్లి డాక్టరు గారి చెవిన వేసింది. ఇంకొక్కరికి చీము పట్టినా సంజీవరావును పంపించేస్తానన్నారాయన.

ఆ ఒక్కరూ కొల్లేట్లో చేపలు పట్టే సూరయ్య అయ్యాడు. అయిదోరోజు కట్టు విప్పితే చీము. సూరయ్య భార్య పోలేరమ్మ వంగి చూసింది.

"సిస్టరమ్మా, చుట్టూ ఈ గీతలేంటమ్మా?"

"ఆపరేషన్‌కు ముందురోజు సాయంత్రం షేవింగ్ చేశాం కదా, అప్పుడు పడ్డాయి. అవేం చేయవులే."

"ఏం చేయవంటావేంటమ్మా! చేతికి ఇంత గీత పడితే మావోళ్లు రొయ్యలు ఒలవనివ్వరు. తెల్లారేసరికి చీము పట్టుద్ది. మరి ఈయనకి ఈ గీతల మీదే కోశారా?"

నాగమల్లేశ్వరి చెయ్యి ఆగిపోయింది. రొమ్ము నుంచి తొడ దాకా రేజరుతో నున్నగా గొరగడం ఆమె ఎవరికీ అప్పగించని పని. ఆయాల చేతులు నమ్మక ఇరవయ్యేళ్లుగా తనే చేస్తోంది. ఈ నలుగురికీ తనే చేసింది.

డాక్టరు గారి గదిలోకి వెళ్లేసరికి సంజీవరావు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఇతన్ని పంపకండి. తప్పు నా దగ్గరుందేమోనండీ," అని గీతల సంగతంతా చెప్పేసింది.

"రేపటి నుంచి రేజరు ముట్టుకోవద్దు. వెంట్రుకలు మరీ అడ్డమైతే ఆపరేషన్‌కు ముందు మిషన్‌తో కత్తిరించండి," అన్నారు డాక్టరు గారు.

సంజీవరావు తలెత్తి, ఇందులో ఇంకేం మెలిక ఉందో అని, ఆమెను అనుమానంగా చూశాడు.