అత్తయ్య కాఫీ సెంటు

మంగళవారం పొద్దున మావయ్య ఫోన్ చేసి, “మీ అత్తయ్య ఇక లేదమ్మా” అన్నాడు. నేను వెంటనే నమ్మలేదు. ఆ ముందు వారమే ఆవిడ ఆసుపత్రిలో నర్సుతో గొడవ పెట్టుకుంది. వార్డులో సెంటు పూసుకోకూడదట. “కాఫీ తాగొద్దని డాక్టర్ చెప్పాడు. వాసన చూడొద్దని చెప్పలేదుగా?” అని వాదించి, సీసా దిండు కింద పెట్టుకుంది. గొడవపడటానికి అంత ఓపిక ఉన్న మనిషి అంతలోనే ఎలా పోతుంది? నాకింకా ఏడుపు కంటే కోపమే ఎక్కువగా వస్తోంది.

ఆ సెంటు సంగతి చికాగో చుట్టుపక్కల తెలుగువాళ్లందరికీ తెలుసు. సగం మందికి తప్పుగా తెలుసు. అందుకే రాస్తున్నాను.

అత్తయ్య మా నాన్నకు అక్క. డెబ్బై ఎనిమిదిలో వాళ్లూ మేమూ ఒకే అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్‌లో ఉండేవాళ్లం. నేనప్పుడు మిడిల్ స్కూల్లో ఉన్నాను. ఆ రోజుల్లో మన ఇళ్లలో పోపు వెయ్యడమంటే పెద్ద తతంగం. అమ్మ ముందు, వాసన పట్టకుండా, చలికోట్లన్నీ తీసుకెళ్లి కారు ట్రంకులో పెట్టేది. పడగ్గది తలుపులు మూసి, కింద సందుల్లో తువ్వాళ్లు దోపేది. కిటికీ తెరిచి, మంచుగాలికి వణుకుతూ ఇంగువ వేసేది. ఇంత చేసినా ఆఫీసుకు వెళ్లేటప్పుడు, తోటివాళ్లతో కలిసి వెళ్లే కార్‌పూల్‌లో, వెనక సీట్లో ఓ మూలకు ఒదిగి, అద్దం కాస్త దించుకుని కూర్చునేది.

అత్తయ్య మాత్రం కోటును వంటింటి తలుపుకే తగిలించేది. “నా ఇంట్లో నేను దొంగలా పోపు వేసుకోవాలా?” అనేది.

ఆవిడ కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసి, మాల్‌లో ఒక పెద్ద స్టోర్‌లో హ్యాండ్‌బ్యాగుల కౌంటర్ చూసేది. నాన్నకు అది నామోషీ. ఆవిడకు పండగ. వచ్చేపోయే జనంతో మాట్లాడకపోతే ఆవిడకు తోచదు. ఒకరోజు సూపర్‌వైజర్ పిలిచి, ఎవరో కస్టమర్ వంట వాసన వస్తోందని కంప్లెయింట్ చేసిందనీ, రేపటినుంచి వెనక స్టాక్‌రూమ్‌లో ట్యాగులు కట్టమనీ చెప్పింది. మళ్లీ ముందుకు రావాలంటే రోజూ పూసుకొమ్మని ఒక శాంపిల్ పెర్‌ఫ్యూమ్ కూడా చేతిలో పెట్టింది. అత్తయ్య దాన్ని ఆవిడ టేబుల్ మీదే వదిలేసి వచ్చింది.

“పోనీ, ఆ సెంటేదో కొట్టుకుంటే సరిపోయేదిగా వదినా” అంది అమ్మ. “మీ కౌంటర్ మీకు ఉండేది.”

“వాళ్లిచ్చిన పూల కంపు పూసుకుని నిలబడితే అది నా కౌంటర్ ఎలా అవుతుంది? నాకు ఏ వాసన కావాలో నేను డిసైడ్ చేస్తాను.”

“ఏ వాసన అత్తయ్యా?” అన్నాను.

“పొద్దున్నే ఫిల్టర్‌లో దిగే డికాషన్” అంది, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా.

మర్నాడే పని మొదలైంది. కాఫీ గింజల్ని పెనం మీద మళ్లీ వేయించి, కాగితం సంచిలో పోసి చపాతీ కర్రతో నలగ్గొట్టింది. నానబెట్టడానికి తనకంటూ వాసన లేని ఆల్కహాల్ కావాలి, అంటే వోడ్కా. లిక్కర్ స్టోర్‌కు వెళ్లడానికి మావయ్య ససేమిరా అన్నాడు. ఆవిడే పట్టుచీర కట్టుకుని మరీ వెళ్లి తెచ్చుకుంది. మొదటిసారి మాడు కంపు కొట్టింది. రెండోసారి ఏ కంపూ లేదు. మూడోసారి, వాసన నిలవడానికి నాలుగు చుక్కల మంచిగంధం నూనె కలిపాక, సీసా మూత తీయగానే అమ్మకు కూడా కాఫీ తాగాలనిపించింది.

ఈలోగా సింకు కింద వోడ్కా సీసా ఎవరి కంటనో పడింది. ఆవిడ కాఫీలో వోడ్కా పోసుకు తాగుతుందని ఊరంతా పాకింది. తలా ఓ వంటకం తెచ్చుకునే ఉగాది పాట్‌లక్‌లో ఒక ఆంటీ పక్కకు వచ్చి, గొంతు తగ్గించి, “మా వారు డాక్టరే కదండీ. మీకేదైనా ప్రాబ్లెమ్ ఉంటే కాన్ఫిడెన్షియల్‌గా మాట్లాడతారు” అంది.

అత్తయ్య గొంతు తగ్గించలేదు. సంచిలోంచి సీసా తీసి పులిహోర ట్రే పక్కన టక్కున పెట్టి, “చెయ్యి ఇలా ఇవ్వండి” అని ఆవిడ మణికట్టుకు రాసింది. “వాసన చూడండి. తాగేదైతే మీకు ఇస్తానా?” హాలంతా నవ్వింది. ఆ ఆంటీ కూడా నవ్వింది, కానీ వోడ్కా కథ మాత్రం ఆగలేదు.

స్టోర్‌లో అత్తయ్య ఉండేది వెనక గదిలోనే. కానీ స్టాఫ్ తలుపునుంచి వెళ్లేది కాదు. ముందు తలుపునుంచి, పెర్‌ఫ్యూమ్ కౌంటర్ పక్కగా, తీరిగ్గా నడిచి వెళ్లేది. “నేను వచ్చేలోగా నా వాసన రావాలి” అనేది. ఒక శనివారం నేనూ వెంట ఉన్నాను. ఒక తెల్లావిడ ఆపి, మీరు పూసుకున్నది ఏ కౌంటర్‌లో దొరుకుతుందని అడిగింది. సూపర్‌వైజర్ తనూ వచ్చి నిలబడింది.

అత్తయ్య చుట్టుపక్కల అందరికీ వినబడేలా చెప్పింది. “ఇక్కడ దొరకదు. ఇది మా వంటింట్లో తయారవుతుంది. ఆ వంటింటి వాసన వస్తోందనే నన్ను స్టాక్‌రూమ్‌లో పెట్టారు.”

ఆ కస్టమర్ సూపర్‌వైజర్‌కేసి తిరిగి, “నిజమా?” అంది. సూపర్‌వైజర్ కౌంటర్ మీది సీసాలు సర్దడం మొదలుపెట్టింది. తర్వాత వారం అత్తయ్య మళ్లీ బ్యాగుల దగ్గర నిలబడింది. ఎవరూ సారీ చెప్పలేదు. “సారీ ఏం చేసుకోను? నా కౌంటర్ నాకు వచ్చింది” అంది.

ఆవిడతో వేగడం తేలికని చెప్పను. కారెక్కితే ఆ వాసనకు మాకు తల తిరిగేది. ఆవిడ జాకెట్ మెడలన్నీ గోధుమరంగు మరకలే. ఒక కుర్చీ విషయంలో నాన్నతో ఏడాది పాటు మాట్లాడలేదు. నన్ను స్కూల్లో పిల్లలు ముక్కు మూసుకుని ఏడిపించినప్పుడు, నాకూ కాస్త రాయమని చెయ్యి చాపాను. రాయలేదు. “ఇది నాది. నీకు ఏం కావాలో నువ్వే వెతుక్కో. ముందు ఆ తల ఎత్తు” అంది. అప్పుడు ఎంత ఏడ్చానో! ఇప్పుడు మాత్రం, నాకు ఎవరైనా ఇచ్చినవాటిలో ఆవిడ ఇవ్వనన్నదే గొప్పదనిపిస్తుంది.

కర్మ అయిపోయాక మావయ్య అత్తయ్య కోటు తెచ్చి అమ్మకు ఇచ్చాడు. కాలర్ లోపల అవే మరకలు. మర్నాడు పొద్దున అమ్మ చారుకు పోపు వేద్దామని, పదేళ్లయినా మారని అలవాటు ప్రకారం కోట్లన్నీ చేతులమీద వేసుకుని కారు దాకా వెళ్లింది. ట్రంకు తెరిచింది. మూసేసి, కోట్లతోనే వెనక్కి వచ్చి, అత్తయ్య కోటును వంటింటి తలుపుకు తగిలించింది. కిటికీ తెరవలేదు. ఇంగువ కూడా ఎప్పటికంటే ఎక్కువే వేసింది.

కార్‌పూల్ వచ్చి హారన్ కొట్టింది. అమ్మ ఆ కోటు తొడుక్కుని బయటికి నడిచింది. నేను కిటికీలోంచి చూస్తున్నాను. ముందు తలుపు తీసి, ముందు సీట్లో సర్దుకు కూర్చుంది. సగం దించి ఉన్న అద్దాన్ని, హ్యాండిల్ పట్టుకుని, పూర్తిగా పైకి తిప్పేసింది.