ఇటుకల పండగలో గోల్‌కీపర్

నేను దేశం తరఫున హాకీ ఆడతాను. గోల్‌కీపర్ని. మా అరకు కొండల్లో నా ఫ్లెక్సీలకు కొదవ లేదు. ఒకదానిలో నా చేతికి క్రికెట్ బ్యాట్ ఇచ్చారు. దాన్ని అడ్డంగానే పట్టుకుని ఉన్నాను కాబట్టి నేనూ పెద్దగా అభ్యంతరం పెట్టలేదు.

ఆ ఏడు విదేశంలో జరిగిన టోర్నీలో మాకు నాలుగో స్థానం వచ్చింది. పతకాలు మూడో స్థానంతో ఆగిపోతాయి. అయినా నేను ఊరు చేరిన మర్నాడు అరకులో నాకు సన్మానమన్నారు. ఇండియా కోటుతోనే మా ఊరి దగ్గర జీపు దిగాను. నాకున్న కోటు అదొక్కటే.

చిక్కల్లా, అవి ఇటుకల పండగ రోజులు. ఆ పండక్కి మావాళ్ళు వేటకు వెళ్తారు. వట్టిచేతులతో వచ్చినవాణ్ణి ఆడవాళ్ళు పేడముద్దలతో కొట్టిగానీ ఊళ్ళోకి రానివ్వరు. ఈమధ్య అడవిలో జంతువుల కంటే వేటగాళ్ళే ఎక్కువ కనక, పేడకు మంచి గిరాకీ.

ఊరి మొదట్లో మా వదిన అడ్డం నిలబడి ఉంది. ఆవిడ వెనక ఆడవాళ్ళు, పక్కన నిండు తట్ట.

"ఏటి తెచ్చినావు మరిదీ?"

"నాలుగో స్థానం వదినా."

"కూరొండుకోడానికి పనికొస్తాదా?"

"నేను వేటకెళ్ళలేదు. ఆటకెళ్ళాను."

"కర్ర పట్టుకొని ఎల్నావు. ఉత్తసేతుల్తో వచ్చినావు. ఏట కాకపోతే మరేటది?"

మోచేతి మీద బంతి తగిలి కమిలిన చోటు చూపించాను.

"దెబ్బ తగలాల్సింది జంతువుకి, నీకు కాదు," అంది వెనకనుంచి ఒక ముసలమ్మ.

"కొట్టడం నా పని కాదు వదినా. వచ్చేదాన్ని ఆపడమే."

"అలాగా? అయితే ఇయ్యి ఆపు," అంటూ వదిన తట్టలో చెయ్యి పెట్టింది.

కాస్త టైమడిగాను. కోటు విప్పి జీపు డ్రైవరు చేతిలో పెట్టాను. జీపులోని నా కిట్‌బ్యాగులోంచి ప్యాడ్లు, గ్లవ్స్, హెల్మెట్ తీసి తొడుక్కుని రెండు జీలుగు చెట్ల మధ్య నిలబడ్డాను. మా ఊరు నా ఆట చూడడం అదే మొదలు. అవతలివాళ్ళు బంతి ఒకటే తెస్తారన్న సౌకర్యం విలువ ఆవేళ తెలిసింది. కాలితో ఆపాను, చేత్తో ఆపాను, కొన్నిటిని హెల్మెట్ దానంతటదే ఆపింది. తట్ట ఖాళీ అయ్యేసరికి నా వెనక నేల శుభ్రంగా ఉంది. నా గురించి ఆ మాట చెప్పలేను.

వదిన చెట్ల వెనక్కెళ్ళి నేలంతా తేరిపార చూసింది. తర్వాత దారి వదిలింది.

"బేగి కడుక్కొని రా. కూడు సల్లారిపోతంది."

మర్నాడు సన్మానానికి కోటు మచ్చ లేకుండా వెళ్ళింది. మైకు పట్టుకున్నాయన, దేశం కోసం నేను కొట్టిన గోల్స్ గురించి ఆవేశంగా చెబుతున్నాడు. శాలువా సర్దుకుంటూ తల వంచుకున్నాను. మూడో వరసలోంచి వదిన లేచింది.

"కొట్టడు బాబూ, ఆపుతాడు! నిన్న మేం ఇసిరినాం కదా, ఒక్కటీ ఎల్లలేదు."

మైకాయన ముచ్చటపడి, "ఏం విసిరారమ్మా?" అంటూ మైకు ఆవిడ దగ్గరికే పంపించాడు.

వదిన చెప్పింది. వివరంగా.