కాలువ గట్టు మీద అన్న పిలుపు

నేను దయ్యాలను నమ్మే మనిషిని కాను. ఇది చదివేవాళ్లు ముందుగా ఆ సంగతి మనసులో పెట్టుకోవాలి. మా మోతె వైపు ఊళ్లలో ఎవరికి పూనకం వచ్చిందన్నా, ఎవరింటి మీద రాళ్లు పడుతున్నాయన్నా, పోయి నిలదీసి తిట్లు తిన్నవాణ్ని. టీవీలో నిమ్మకాయలు కోసి చూపించే పెద్దమనుషులను చూస్తే ఈ వయసులో కూడా ఒళ్లు మండుతుంది. జనం భయాన్ని అమ్ముకొని తినడం కూడా ఒక బతుకేనా?

నేను బడికి పోయినవాణ్ని కూడా కాదు. మాది గొర్రెలు కాసే ఇల్లు. పొట్లాలు కట్టిన కాగితాలు, బస్సుల మీది బోర్డులు చూసి అక్షరాలు కూడబలుక్కున్నాను. తర్వాత మిర్యాలగూడలో రైస్ మిల్లులో పనిచేసిన కాలమంతా సాయంత్రాలు లైబ్రరీలోనే గడిపాను. ఆ మాత్రం చదువు అబ్బిందంటే మా అన్న మల్లయ్య పుణ్యం. చిన్నప్పుడు నా వంతు గొర్రెలను కూడా తనే కాసేవాడు. నేను ఏ బండ నీడనో కాగితం ముందేసుకొని కూర్చునేవాణ్ని. పొద్దు వాలితే మందను పిలిచే పిలుపుతోనే నన్నూ పిలిచేవాడు.

"మా మందల రెండు కాళ్ల గొర్రె గూడ ఒకటున్నది" అని ఊరందరికీ చెప్పి నవ్వించేవాడు.

ఆ పిలుపు గురించి కొంచెం చెప్పాలి. మాలో ఇంటికొక పిలుపు ఉంటుంది. నాలుకను అంగిట్లో గరగరలాడించి, ఆ వెంటనే గొంతు సాగదీస్తారు. చాలామంది పిలుపు చివరికి పైకి లేస్తుంది. మా ఇంటిది కిందికి దిగుతుంది, ఏదో అడగబోయి ఊరుకున్నట్టు. నాలుగైదు మందలు ఒక్క చెరువు దగ్గర కలగలిసిపోయినా, ఎవరి పిలుపుకు వాళ్ల గొర్రెలే విడిపోయి వస్తాయి. అది తండ్రి నుంచి కొడుకుకు వచ్చేది. ఆడవాళ్లు పిలవకూడదట. ఆ శాసనం ఎవరు రాశారో, ఎక్కడ రాశారో అడిగితే ఒక్కడూ చెప్పలేదు. నేను కాగితాల పిచ్చిలో పడి నేర్చుకోలేదు. అన్నకు కొడుకులు లేరు.

వరి కోతలు అయిపోయాక సాగర్ ఎడమ కాలువ కింది పొలాల్లో మంద కట్టడానికి పోవడం మావాళ్ల పద్ధతి. గొర్రెలు పొలంలో పడుకుంటే ఎరువు. అందుకు రైతు వడ్లు ఇస్తాడు. మోకాళ్లు అరిగాక అన్న ఒక పాత వ్యాను కొని దాన్నే ఇల్లు చేసుకున్నాడు. లోపల ఒక పక్క పడుకోవడానికి బల్ల, ఇంకో పక్క గ్యాస్ పొయ్యి, బియ్యం డబ్బా. వెనుక పసి గొర్రెపిల్లలకు వెదురు దడి. అన్న, వదిన లింగమ్మ చలికాలమంతా అందులోనే బతికేవాళ్లు. సాయంత్రం అన్న వెనక తలుపు దగ్గర నిలబడి పిలిచేవాడు. మంద చుట్టూ చేరేది. తలా కొంచెం ఉప్పు పెట్టేవాడు.

రెండువేల ఎనిమిదిలో, దసరా వెళ్లిన తర్వాత, అన్న గుండె ఆగి చనిపోయాడు.

మంద చెదరడం మొదలైంది. జీతానికి ఉన్న వెంకన్న మంచివాడే, కానీ అతని పిలుపు వేరు. గొర్రెలు తల ఎత్తి చూసి మళ్లీ మేసేవి. అన్న అల్లుడు నరేష్‌కు సూర్యాపేటలో సెల్‌ఫోన్ల దుకాణం. మందను అమ్మేద్దామన్నాడు. కోదాడలో ఒక బేరగాడు లారీ పెట్టి ఎదురుచూస్తాడని మాట్లాడి వచ్చాడు. వదిన అవునని అనలేదు, కాదనీ అనలేదు.

"పిలిసేటోడు పోయిండు. గొర్లనుంచుకొని నేనేం జేసుకోను" అని మాత్రం అంది. మర్నాటి నుంచి అన్నం సరిగా తినలేదు. ఆ మంద పోతే ఆమె కూడా ఎక్కువ కాలం ఉండదని నాకు అనిపించింది. బతుకంతా ఆమె చేసింది ఆ పనే.

ఇందులో నరేష్ ఒక పొరపాటు చేశాడు. మా ఇళ్లలో పుట్టనివాడు మాత్రమే చేసే పొరపాటు. మంచి బేరం వచ్చిందని మెడలో గంట కట్టిన పొట్టేలును ముందే అమ్మేశాడు. మంద నడిచేది దాని వెనక. అది లేని మందను కోదాడ దాకా నడిపించడమంటే నీళ్లను చేతుల్లో పట్టుకొని పోవడమే.

అయినా, మంద కట్టిన హుజూర్‌నగర్ అవతలి పొలాల నుంచి బయలుదేరాం. వెంకన్న, నేను మందతో నడుస్తున్నాం. నరేష్ వ్యాను నడుపుతున్నాడు, వదిన లోపల గొర్రెపిల్లలతో ఉంది. హుజూర్‌నగర్ దాటి కాలువ గట్టు ఎక్కాక వ్యాను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. మళ్లీ కదల్లేదు. మధ్యాహ్నం వేళ, మంచి ఎండ. చీకటి లేదు, పొగమంచు లేదు.

బండి ఆగడంలో వింత ఏమీ లేదని ముందే చెప్పేస్తున్నాను. ఫోన్ చేస్తే హుజూర్‌నగర్ నుంచి జానీ అనే మెకానిక్ మోటార్‌సైకిల్ మీద వచ్చాడు. వ్యాను లోపలికి తొంగిచూశాడు.

"ఇది బండా, ఇల్లా? కోళ్ల గంపొక్కటే తక్కువున్నది" అన్నాడు.

"కోళ్లు బల్ల కింద ఉన్నయ్ బిడ్డా, సూసి కాలు వెట్టు" అంది వదిన.

అతను నవ్వుతూ గోనెసంచి పరుచుకొని బండి కిందికి దూరాడు. మేం అటు చూస్తుండగానే మంద గట్టు దిగిపోయింది. సగం పక్కనున్న మిర్చి చేనులోకి, సగం అవతల కోసిన వరి కొయ్యకాళ్లలోకి. వెంకన్న అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నాడు. పరుగెత్తితే తుమ్మముల్లు దిగింది.

"మామా, చేనుగలాయన వస్తే మనల్ని సంపుతడు. జర మీరన్నా పిలువరాదుండ్రి" అన్నాడు నరేష్.

"నన్నెందుకు పిలువుమంటవ్? నువ్వమ్మిన పొట్టేలును పిలువు. ఇప్పుడు యాడున్నదో ఏమో, ఎవరి గిన్నెల ఉడుకుతున్నదో" అన్నాను. కోపం పట్టలేక అన్నాను. అతను తల దించుకున్నాడు.

అప్పుడు వినబడింది.

నాలుక గరగర, తర్వాత సాగిన గొంతు, చివర కిందికి దిగడం. మా ఇంటి పిలుపు. వ్యాను వెనక వైపు నుంచి.

గొర్రెలు తలలెత్తాయి. చేనులోనివి, కొయ్యకాళ్లలోనివి అన్నీ ఒక్కసారే కదిలాయి. తోసుకోలేదు, పరుగెత్తలేదు. రోజూ వచ్చేటట్టే వచ్చాయి. వెనక తలుపు చుట్టూ మూగి నిలబడ్డాయి. తలుపు ముందు మాత్రం ఒక మనిషి నిలబడేంత జాగా వదిలాయి. అంత ఇరుకులో ఒక్కటి కూడా అందులో కాలు పెట్టలేదు.

నాకు తోచిన కారణాలన్నీ వెతికాను. వెంకన్న పిలిచాడా? అతను గట్టు మీద నా ఎదురుగానే కూర్చుని ముల్లు తీసుకుంటున్నాడు, పిన్నీసు పళ్ల మధ్య ఉంది. నరేష్ నా పక్కనే ఉన్నాడు, అతనికి గొర్రెను ఉష్ అనడం కూడా రాదు. లోపలి పిల్లలు అరిస్తే తల్లులు వచ్చాయనుకుందామా? మరి పొట్టేళ్లు, ఈనని గొర్రెలు ఎందుకొచ్చాయి? ఉప్పు సంచి వాసన అనుకుందామా? సంచి పొద్దుటి నుంచి అక్కడే ఉంది.

జానీ బండి కింద నుంచి బయటికి వచ్చి చేతులు తుడుచుకున్నాడు.

"పిలిసిన ముసలాయన యాడికి పోయిండు?" అన్నాడు.

ఏ ముసలాయన అన్నాను.

"గీ వెనక తలుపు కాడ పిలిసిండు గద. ముందు పన్ను లేనట్టుంది, చివర్ల గాలి పోయింది. నేను కిందనే ఉన్న, కాళ్లు కనవడాలె. గొర్ల కాళ్లే కానొచ్చినయ్. అందుకే అడుగుతున్న."

చివరి రెండేళ్లు అన్నకు ముందు పన్ను లేదు. జానీ అన్నను ఎన్నడూ చూడలేదు. ఇంకో సంగతి. నేను విన్న పిలుపులో గాలి పోలేదు. నేను విన్నది పళ్లన్నీ ఉన్న గొంతు, చిన్నప్పుడు బండ నీడలో విన్న గొంతు. ఒకే పిలుపును ఇద్దరం రెండు రకాలుగా ఎట్లా విన్నామో నాకు తెలియదు.

వదిన వ్యాను దిగింది. ఉప్పు సంచి తీసుకొని తలుపు దగ్గరికి వచ్చింది. ఆ ఖాళీ జాగాలోకి పోలేదు. పక్క నుంచి చుట్టూ తిరిగి, చెయ్యి చాపి, ఒక్కొక్కదానికి ఉప్పు పెట్టింది.

"వదినా, ఇన్నవా?" అని అడిగాను.

"నాకినవడలే. గొర్లకినవడ్డది, సాలు" అంది.

సంచి ఖాళీ అయ్యాక అల్లుడి వైపు తిరిగింది. "బేరగానికి ఫోన్ జెయ్ బిడ్డా. లారీ వాపస్ తీస్కపొమ్మను."

"మరి రేపటి సంది ఎవరు పిలుస్తరు అత్తమ్మా?"

"నాకు నోరు లేదా?"

 నరేష్ కాలువ వైపు పోయి ఫోన్ చేశాడు. డీజిల్ ఫిల్టర్‌లో బురద పేరుకుందని జానీ శుభ్రం చేసి బండి స్టార్ట్ చేశాడు. మోతె వైపు తిప్పుకొని వచ్చేశాం.

వదిన అన్న పిలుపును వాడుకోలేదు. ఇత్తడి పళ్లెం మీద గరిటెతో కొట్టి, తన గొంతుతో తన పిలుపు మొదలుపెట్టింది. మొదట్లో గొర్రెలు పట్టించుకోలేదు. ఊళ్లో మగవాళ్లు నవ్వారు. వేసవి వచ్చేసరికి మంద ఆమె వెనక నడిచింది, నవ్వినవాళ్లు నోళ్లు మూసుకున్నారు. తెలంగాణ వచ్చిన ఏడాది కూడా ఆమే కాసింది.

ఈ సంగతి చెబితే నాలాంటి వాదనలు చేసేవాళ్లు, అన్న మీది బెంగతో నీకు అట్లా అనిపించింది అంటారు. నేనైనా అదే అనేవాణ్ని. మరి బెంగ లేని జానీకి? గొర్రెలకు? దయ్యాల బేరగాళ్లేమో అన్న ఆత్మకు శాంతి చేయిస్తామని వచ్చారు. వాళ్లను గడప తొక్కనివ్వలేదు. ఇవాళ్టికీ నేను దయ్యాలను నమ్మను. అది ఏమిటో మాత్రం చెప్పలేను.

గొర్రెలు పొరబడ్డాయని అనుకోవచ్చు. జానీ ఇంకేదో విన్నాడని అనుకోవచ్చు. కానీ ఆ రోజు మోటార్‌సైకిల్ ఎక్కుతూ జానీ నన్ను ఇంకో మాట అడిగాడు. 

"పెద్దాయనా, ఆయన పిలిసినప్పుడు మీరు 'వస్తున్ననే' అన్నరు గద. ఎవరికి జెప్పిండ్రు?"

నేను అన్నట్టు నాకు తెలియదు. అన్నాననే నరేష్ కూడా చెప్పాడు.