విప్పుకొచ్చిన ట్యాంకు

బస్సులో నేను కాళ్లు పెట్టుకోవాల్సిన చోట ఎప్పుడూ ఎవరిదో సామాను ఉంటుంది. ఆ డీజిల్ కొరత రోజుల్లో కోడుమూరులో ఎక్కిన ఒక రైతు అక్కడ పెట్టింది, నీళ్లు తోడే ఇంజను నుంచి విప్పిన ఖాళీ ట్యాంకు.

“క్యాన్లలో పోయరంట సార్, ట్యాంకుల్లోనే పోస్తారంట. అందుకే ట్యాంకే ఇప్పుకొచ్చినా. ఈడ బంకులో నగినారు గానీ పోయలేదు. కర్నూల్లో అడగాల. రేపు తడి పెట్టకుంటే ఉల్లి ఎండిపోతాది.”

“దీనికీ టికెట్ కొట్టారా?”

“లగేజీ కింద కొట్టినారు.”

కష్టంలో నాకూ వాటా ఉందని చెప్పడం మర్యాద అనిపించింది. “నేనూ కారు ఇంట్లో పెట్టి బస్సెక్కాను.”

“డీజిల్ దొరకల్యాదా సార్?”

“దొరికింది. ముందుజాగ్రత్తగా ట్యాంకు నిండా కొట్టించి, కదపకుండా ఉంచాను.”

ఆయన తన ట్యాంకును నా కాళ్ల దగ్గర నుంచి పక్కకు లాక్కున్నాడు.

“అయితే నా ఉల్లికి పారాల్సిన నీళ్లు మీ ఇంట్లో ఉండాయి.”