వాసన రాని మాత్ర

ఆ రోజుల్లో మా బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో నాలాంటి నిరుద్యోగులకు తెలివి తప్ప అన్నీ ఉండేవి: క్వార్టరు, కోచింగు నోట్సు, పక్కింటివాళ్ల సలహాలు. వయసు లెక్కన అసిస్టెంట్ లోకో పైలట్ ఉద్యోగానికి నాకదే ఆఖరి ఛాన్సు. రాత పరీక్ష ఎలాగో గట్టెక్కాను. మిగిలింది కంప్యూటరు ముందు కూర్చుని ఏకాగ్రత నిరూపించుకునే పరీక్ష. లోకో పైలట్‌గా ఆ ఏడాదే రిటైరవుతున్న మా నాన్న, నేను ఇంజనెక్కడం చూసి తను దిగాలని ఆశపడ్డాడు. (ఆ మాట ఆయన ఎన్నడూ పైకి అనలేదు. అమ్మ రోజుకు నాలుగుసార్లు అనేది.)

అలాంటి సమయంలో ‘కంప్యూటర్’ అని మేం పిలిచే స్నేహితుడు ఒక మాత్రల అట్ట నా చేతిలో పెట్టాడు. వాడికి చిన్నప్పటి నుంచీ మనసు ఒకచోట నిలవని జబ్బుంది; డాక్టరు వాడి కోసం రాసిన మాత్రలవి. “ఏసుకో బే, దిమాగ్ రాకెట్ అయిపోద్ది,” అన్నాడు. (మరి తన సంగతేమిటని నేను అడగలేదు.) బండి నడిపేవాళ్ల ఇళ్లలో మందులకు ఒకటే కొలత, వాసన. డ్యూటీ ఎక్కేముందు నోటితో ఊదించే మిషను తాగినట్టు చూపిస్తుందేమోనని నాన్న దగ్గుమందు సీసాను కూడా గడప దాటనిచ్చేవాడు కాదు. నేను మాత్రను వాసన చూశాను. ఏమీ రాలేదు. కాబట్టి మంచిదేనని తేల్చాను. (అంత పరిశోధన చేశాక డాక్టరును అడగడం దండగ కదా.)

మొదటి రోజు మాత్ర అద్భుతంగా పనిచేసింది. పొద్దున్న కూర్చున్నవాణ్ణి సాయంత్రం దాకా లేవలేదు. నోటుబుక్కులన్నిటికీ ఎర్ర పెన్నుతో మార్జిన్లు కొట్టాను. ఒక్క లెక్కా చేయలేదు. అమ్మ పళ్లెం పట్టుకుని గుమ్మంలో నిలబడి, “ఏటి నాయినా, ఇంత బుద్ధి ఎప్పుడొచ్చిందిరా నీకు? ఒక్క ముద్ద తినీరా,” అని మురిసిపోయింది. ఆకలి లేదు. నిద్రా లేదు. వారంలో చొక్కా వదులైంది, గుండె దడ మొదలైంది. అదంతా చదువు ఎక్కుతున్న గుర్తనుకున్నాను.

పరీక్షనాడు రెండు మింగాను. తెర మీద ఒకేలాంటి బొమ్మలను జత చేయాలి. మొదటి జత దొరికింది, కానీ అంచు మీదున్న చిన్న చుక్క నన్ను వదల్లేదు. అది బొమ్మలో భాగమా, దుమ్మా అని ఆలోచిస్తుండగానే చెమటలు పట్టాయి, గుండె గొంతులోకొచ్చి కొట్టుకుంది. (దుమ్మే.) కుర్చీలోంచి జారిపడితే ఆసుపత్రికి చేర్చారు. పరీక్ష అక్కడే పోయింది.

నాన్న డ్యూటీ దిగి యూనిఫాంతోనే వచ్చాడు. వస్తూనే వంగి నా నోటి వాసన చూశాడు. “తాగనేదు,” అన్నాడు అమ్మతో, హమ్మయ్యన్నట్టు. అప్పుడు డాక్టరు నా జేబులో దొరికిన అట్ట చూపించి, ఈసారికి గుండె ఊరుకుందనీ, ప్రతిసారీ ఊరుకోదనీ చెప్పాడు.

“ఏల తిన్నావురా?” అన్నాడు నాన్న.

“వాసన రాలేదు నాన్నా.”

నవ్వు రావాల్సిన జవాబే. ఎవరికీ రాలేదు. నాన్న మంచం పక్కన కూర్చుని, నా మణికట్టు పట్టుకుని, వాచీ చూస్తూ లెక్కపెట్టాడు. “డెబ్బై స్పీడు దాటకూడని సెక్షన్లో నూట నలభై లాగేసినావురా,” అన్నాడు మెల్లగా. నాకు తెలిసి ఆయన జీవితంలో వేసిన జోకు అదొక్కటే. నవ్వబోయి చూస్తే కళ్లజోడు తుడుచుకుంటున్నాడు. (కళ్లజోడు శుభ్రంగానే ఉంది.)

ఆ ఏడాదే తన ఆఖరి బండి దిగి, మెడలో దండతో నాన్న ఒక్కడే ఇంటికొచ్చాడు. నేనిప్పుడు బిలాస్‌పూర్‌లోనే తిఫ్రాలో ఒక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో లారీల లోడు రాస్తుంటాను. అప్పటి నేను ఎదురుపడితే చెంప పగలగొట్టాలనుకుంటాను. తీరా తలుచుకుంటే, అంత శ్రద్ధగా అంత తెలివితక్కువ పని చేసినవాడి మీదికి చెయ్యి లేవదు, నవ్వొస్తుంది. నాన్న గదిలో ఉంటే మాత్రం ఆ నవ్వును మింగేస్తాను.