రేణుకమ్మ అడిగిన మోటరు ప్లేట్లు

మధ్యాహ్నం రెండు దాటింది. ఎండకు రేకులు చిటచిటమంటున్నయి. పొద్దుగాల తాగిన చాయ్ తప్ప కడుపుల ఏం లేదు. సద్దిగిన్నె మూత తీసేటాళ్లకు రేణుకమ్మ వచ్చింది.

నేను నిజామాబాద్‌ల, బోధన్ రోడ్డు మీద మహేందర్ సేటు స్క్రాప్ దుకాణంల పనిజేస్త. పాత మిషన్లు పగలగొట్టి రాగి ఒకదిక్కు, ఇనుము ఒకదిక్కు, సిల్వరు, అంటే అల్యూమినియం, ఒకదిక్కు ఏసుడు. రేణుకమ్మది ధర్పల్లి. మొగడు సచ్చినంక ఆయన వైండింగ్ దుకాణంల తనే కూసున్నది. కాలిన బోరు మోటర్లకు మళ్ల తీగ చుడుతుండె. రైతులు "ఆడామె చుట్టిన మోటరా" అని నవ్వుకుంటనే తెచ్చిస్తుండ్రి.

రెండేండ్ల సంది ఇంట్ల ఒక మిషన్ కడుతున్నది. కంప్యూటర్ల బొమ్మ గీస్తే మిషనే చెక్క మీద చెక్కుతదట. అమ్మెటందుకు కాదు. "మరెందుకు?" అని సేటు అడిగితే "నాకిష్టం సేటు" అన్నది. గా మాటకు దుకాణమంత వారం దినాలు నవ్వినం. మాసొంటోళ్లకు గూడ ఇష్టాలా అని.

ఆ దినం ఆమె డ్రైవ్‌ల కోసం వచ్చింది. మోటరు ఎంత తిరగాలె, యాడ ఆగాలె అని చెప్పే డబ్బలు. బోధన్ కాడ మూతబడ్డ ఒక మిల్లు నుంచి గసొంటియి మూడు, వాటెంబడి ఎనిమిది మోటర్లు వచ్చి ఉండె.

కింద కూసొని ఒక్కో డబ్బ మూత ఇప్పి, కాలిన వాసనుందా అని ముక్కు కాడ పెట్టుకున్నది. లోపట కెపాసిటర్లు ఉబ్బినయా అని ఏలుతోటి తడిమింది. ఇంటి కరెంటుకు నడుస్తదా, మూడు ఫేజులు కావాల్నా అని చదివింది.

"డబ్బలు మంచిగున్నయి నర్సన్నా. మోటర్లకే ప్లేట్లు లేవు. ఏ డబ్బకు ఏ మోటరో తెల్వకుండ కలిపితే మోటరు మాట ఇనదు, పిచ్చి లేసినట్టు ఉరుకుతది. ప్లేట్లేవి?"

నేనే పీకిన. ఏ మోటరో రాసి ఉండే నంబర్ల ప్లేటు సిల్వరుది. ఏ మోటరు వచ్చినా ముందుగాల అది పీకి సంచిల ఏసుడు మా అలవాటు.

"ఎతికియ్యరా నర్సన్నా," అని సేటు కన్నుకొట్టిండు. "అక్క పెద్ద ఇంజనీరు."

గా లోడు ప్లేట్లు ఎనిమిదీ సంచిల పైననే ఉన్నయి. ఏది దేనిదో ఎవనికెరుక? మోటర్లన్నీ ఒక్కతీరుగనే ఉన్నయి. కడుపు కాలుతుంటే చేతికొచ్చిన ప్లేటు చేతికొచ్చిన మోటరుకు పెట్టి సుత్తెతోటి కొట్టేసిన.

"దేనిది దానికే పెట్టినవా అన్నా?"

"నేనేగా పీకింది. నాకు గుర్తుండదా?"

ఒక్కో ప్లేటు చదివి, అరచేతి మీద రాసుకొని, డబ్బ మీద రాసిందానితోటి కలిపి సూసుకున్నది. గంట పట్టింది. నేను తినుకుంట సూస్తున్న. మూడు మోటర్లు పక్కకు తీసి, "కలిసినయి!" అని చిన్నపిల్ల తీరు నవ్వింది.

నాలుగొద్దులకు బేస్తారం నాడు మళ్ల వచ్చింది. కుడిచేతికి ఇంత లావు కట్టు. ఒక్క మోటరు తెచ్చి నా ముందల పెట్టింది.

"స్విచ్చేసిన అన్నా. ఉరికింది, కొసకు తాకినా ఆగలే. చట్రం ఇరిగింది. చూపుడేలు దాని కింద పడ్డది. డాక్టరు తీసేసిండు." తీగ చుట్టే ఏలది. "పైసలకు రాలే. నేను చదివింది తప్పా, ప్లేటు తప్పా? గదొక్కటి చెప్పు. నేనే తప్పు చదివితే ఇగ జన్మల ముట్ట."

సేటు నా దిక్కే సూస్తున్నడు.

"ప్లేటు దానిదే," అన్న.

"ఇన్నవా అక్కా," అన్నడు సేటు. "నాలుగు అచ్చరాలు చదివితే ఇంజనీర్లయితరా? చేతులకింక తొమ్మిది ఏళ్లున్నయి కదా, పోయి బువ్వొండుకో."

అందరు నవ్విండ్రు. నేను గూడ నవ్విన.

ఆమె కట్టున్న చేతిని ఇంకో చేతితోటి పట్టుకొని లేసింది. మోటరును అక్కడ్నే ఇడిసి గేటు దాటి పోయింది. పొద్దుగూకేటాళ్లకు ధర్పల్లిల వైండింగ్ దుకాణం షట్టరు దించి ఉన్నదట. ఊరిడిసి పోయిందని అక్కడి నుంచొచ్చిన రైతులన్నరు. పక్క దుకాణపోళ్లతోటి గూడ ఒక్క మాట చెప్పలేదట.