మందారానికి కలం

మా అక్క కాంతమణి బందరు నుంచి వచ్చి మల్కాజ్‌గిరిలో ఇరవై ఏళ్లు తెలుగు టీచరుగా చేసింది. మాటకు అర్థం చెప్పకపోతే పిల్లల్ని బెంచీ ఎక్కించేది. ఉర్దూ మాత్రం రాదు, నేర్చుకోదు. అలాంటి మనిషి ఒక్క మాట దగ్గర బోల్తా పడింది. తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

మా బావ జకర్యా పోయే ముందటి ఏడాది నాటిన ముద్దమందారం ఆమె గుమ్మం పక్కన ఉండేది. ఆ లేత గులాబీ రంగు చుట్టుపక్కల ఇంకో ఇంట్లో లేదు. ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక ఒక పువ్వు ఆయన సమాధి మీద పెట్టేది. ఆయన చేత్తో నాటింది ఇదొక్కటే మిగిలిందనేది. మొక్కల పని బోయిన్‌పల్లి మాలి నన్నే సాహెబ్ చూసేవాడు. ఏటా కంచె మొక్కలు పెరగగానే "కలం చేస్తా టీచరమ్మా" అని కత్తెరతో బారెడు కొట్టేసేవాడు. కలం అంటే కొట్టేయడమని అక్క బుర్రలో పడిపోయింది.

నలభై ఎనిమిది సెప్టెంబరులో పోలీస్ యాక్షన్ వచ్చింది. మిలిటరీ సికింద్రాబాదులో దిగాక నన్నే సాహెబ్ భయంతో గడప దాటలేదు. ఇక్కడేమో మందారం ఆకులు పండి రాలుతున్నాయి. అక్క కబురు పంపితే అతని భార్య సర్దార్ బీ వచ్చి, చెట్టు మొదట్లో మట్టి గీకి చూసి వెళ్లింది. మర్నాడు మళ్లీ వచ్చింది.

"వేర్లకు చెదలు పట్టినయంట. జెర జల్ది కలం పెట్టుమన్నడు," అని చెప్పి పోయింది.

పెట్టడమేమిటని అడిగితే నోటి ముత్యాలు రాలతాయా? అక్క అడగలేదు. పక్కనే ఉన్న నేనూ అడగలేదు. రంపం తెచ్చి మోకాలెత్తున కోసేసింది. కొత్త చిగుళ్లొస్తాయిలే అంది. కొమ్మలన్నీ పొయ్యి దగ్గర పడేసింది. మోడు చిగురించలేదు. పదిహేను రోజులకు చేత్తో లాగితే ఊడొచ్చింది.

ఆ తర్వాతి వారం నన్నే సాహెబ్ వచ్చి గుంట చూశాడు.

"కొమ్మలేడ నాటిన్రు టీచరమ్మా?"

"నాటడమేమిటి? కలం చేయమన్నావుగా."

"చేయమనలే, పెట్టుమన్న. కలం చేసుడంటే కొట్టుడు. కలం పెట్టుడంటే కొమ్మ కోసి నాటుడు. చెట్టు ఎట్లైన పోతది, కొమ్మలన్న బతుకుతయని చెప్పి పంపిన." గుంట చుట్టూ వెతికాడు. "ఒక్క కొమ్మ సుత లేదా?"

అక్కకు కేకలేయడానికి ఎవరూ దొరకలేదు.

"పచ్చివి, అంటుకోలేదు," అంది. "గొట్టంతో ఊది ఊది మండించాను నన్నే సాహెబ్."